పులస దారిలో ఐదు రోజులు

మా అక్క కూతురు జర్మనీలో ఉద్యోగం చేస్తుంది. పోయిన అక్టోబరులో అక్కడ మొసెల్ నది లోయలో వారం రోజులు నడిచొచ్చింది. పగలంతా నిట్టనిలువు ద్రాక్షతోటల మధ్య నడక, సాయంత్రం ఏదో ఊళ్ళో ఒకరింటి నేలమాళిగలో నాలుగైదు రకాల వైన్ రుచి చూడడం, రాత్రికి అక్కడే పడక. సామాను వ్యానులో ముందే తరవాతి ఊరు చేరిపోతుందట. ఆ ఫొటోలు చూసి ఊరుకోలేక ఫోన్లో అనేశాను: "మనకి మాత్రం నది లేదా, కొండ లేదా, తాగడానికి కల్లు లేదా? ఫిబ్రవరిలో రా, నడుద్దాం." మాటవరసకి అన్నది. వారం తిరక్కుండా అది టికెట్టు కొనేసింది.

మా ఆయన విజయవాడలో ఒక హైస్కూలు హెడ్మాస్టరు. "కల్లు కోసం యాత్ర చేసొచ్చానని స్టాఫ్ రూములో చెప్పుకోమంటావా?" అన్నారు. పైగా షుగరు. ఆయన కొబ్బరిబొండాలకి, మేమిద్దరం కల్లుకి అని ఒప్పందం చేసుకుని బయల్దేరదీశాను.

రాజోలు వైపు ఒకాయన దొరికారు. నలభై దాటిన మనిషి, కొబ్బరితోట చూసుకుంటూ, చలికాలంలో ఊళ్ళు చూడాలని వచ్చేవాళ్ళని గట్ల వెంట నడిపిస్తారు. కొండ దగ్గర మొదలుపెట్టి సముద్రం దగ్గర ఆపుదాం అన్నాన్నేను. ఆయన ఒప్పుకోలేదు. "అందరూ అలాగే వస్తారండి. నీళ్ళెటెళ్తే అటెళ్ళడంలో ఏవుందండి? మీరు పులసలాగ ఎదురెళ్ళండి. కింద తాటికల్లు, పైన జీలుగు కల్లు. ముందే జీలుగు తాగేస్తే మా కల్లు మీకు ఆనదండి, ఆయ్."

సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. వరదనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు గానీ అది వానాకాలం సంగతి. ఫిబ్రవరిలో పులస దొరకదు. దాని దారి మాత్రం ఖాళీగా ఉంటుంది.

మొదటి రోజు: నరసాపురం నుంచి అంతర్వేది

పొద్దున్నే నరసాపురంలో రైలు దిగి, ఇడ్లీ తిని, మాధవాయిపాలెం రేవుకి చేరాం. అవతలి గట్టు సఖినేటిపల్లి. మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ. పంటు మీద రెండు కార్లు, లెక్కలేనన్ని మోటారు సైకిళ్ళు, ఒక గడ్డిమోపు, మేము. మా ఆయన కొత్త బూట్లు కొనుక్కొచ్చారు. నడక కోసమని ప్రత్యేకంగా. వాటిని చూసి గైడు గారు ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆయన కాళ్ళకి రబ్బరు చెప్పులు.

అవతలి గట్టున సామాను వ్యాను ఎదురుచూస్తోంది. సంచులు అందులో పడేసి, నీళ్ళసీసాలతో మిగిలాం.

దవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుకి గౌతమి, పడమరకి వశిష్ఠ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య చిక్కుకున్న నేలే కోనసీమ. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అంతర్వేది. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథోత్సవం, ఇసకేస్తే రాలనంత జనం. మేం వెళ్ళేసరికి తీర్థం అయిపోయింది. జీళ్ళ కొట్లవాళ్ళు రేకులు విప్పుకుంటున్నారు. దర్శనం పది నిమిషాల్లో అయింది, నరసింహస్వామి మమ్మల్ని తొందరపెట్టలేదు, మేమూ ఆయన్ని తొందరపెట్టలేదు.

అసలు నడక లైట్‌హౌస్ దగ్గర మొదలు. అల తాకి వెళ్ళిన చోట ఇసక గట్టిగా ఉంటుంది, అక్కడ నడిస్తే కాలు దిగబడదు. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క సరుగుడు తోటలు. "ఎంత దూరమండీ?" అని మా ఆయన అడిగితే "ఎంతండీ, నాలుగడుగులు" అన్నారు గైడు గారు. అరగంట నడిచాక మళ్ళీ అడిగితే "అయిపోయిందండి, ఇంకో నాలుగడుగులు". గోదావరి జిల్లాల్లో దూరాన్ని కొలవరు, ఓదారుస్తారు.

అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడితే నదీ సముద్రమూ ఒకదాన్నొకటి నెట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. ఒక వైపు నీరు బురదరంగు, ఇంకో వైపు పచ్చబారిన నీలం. మధ్యలో నురగ గీత. మా మేనకోడలు కాసిని నీళ్ళు నోట్లో పోసుకుని "ఉప్పుగానే ఉన్నాయి పిన్నీ, కానీ సగం ఉప్పు" అంది. దీని రుచి చూసే జబ్బు అప్పుడే మొదలైంది.

సాయంత్రం ఒక తాటితోపు దగ్గర ఆగాం. కల్లు అడిగితే గైడు గారు తల అడ్డంగా ఊపారు. "సాయంత్రం కల్లు కొత్తవాళ్ళకి పొయ్యకూడదండి. మొదటిసారి అదే తాగితే జన్మలో ముట్టుకోరు. రేప్పొద్దున సూర్యుడు రాకుండా వచ్చెయ్యాలి." గీసే ఆయనతో మాట్లాడి ఒక చెట్టు మాకోసం అట్టేపెట్టించారు. మొసెల్ లోయలో ముందుగా గది బుక్ చేసుకుంటారు, మేం చెట్టు బుక్ చేసుకున్నాం.

రెండో రోజు: ఒక చెట్టు, మూడు రుచులు

అయిదున్నరకి తోపులో ఉన్నాం. మంచుకి తాటాకుల మీంచి నీళ్ళు టపటపా పడుతున్నాయి. అరవై ఏళ్ళుండే గీత కార్మికుడు అప్పటికే మోకు భుజాన వేసుకుని ఉన్నాడు. నడుముకి ముస్తాదు, అందులో కత్తి. మోకుని చెట్టు చుట్టూ, తన చుట్టూ తిప్పి ముడేశాడు. పాదాలకి బంధం తగిలించుకున్నాడు. తరవాత చూస్తుండగానే పైనున్నాడు. మోకు పైకి జరగడం, పాదాలు పైకి లాగడం, మళ్ళీ మోకు. చెట్టు నల్లగా, తడిగా, ఎక్కడా పట్టు లేకుండా ఉంది. కింద నుంచి చూస్తున్న నాకే అరచేతులు చెమటలు పట్టాయి.

పైన ఏం చేస్తున్నాడో గైడు గారు కింద నుంచి చెప్పారు. గెల చివర ఉల్లిపొరంత పల్చగా ఒక చెక్కు తీస్తాడు. ఆ గాయంలోంచి చుక్క చుక్కగా నీరు కారి, కట్టిన కుండలో పడుతుంది. ఏ పూటకాపూట గీయాలి. ఒక్క పూట మానినా గెల మొద్దుబారిపోతుంది, నీరు ఆగిపోతుంది. అందుకే ఈ వృత్తిలో ఆదివారం లేదు. పెళ్ళిళ్ళకెళ్ళినా పొద్దుగూకేలోపు చెట్టు దగ్గరికి రావాలి.

చెట్టులోంచి వచ్చేటప్పుడు ఆ నీరు తేటగా ఉంటుంది. కుండలో సున్నం రాస్తే పులియదు, అలాగే తీపిగా నిలుస్తుంది, అది నీరా. సున్నం లేని కుండలో నిన్నటి కల్లు తడి ఉంటుంది. గాల్లోదీ కుండలోదీ ఈస్టు కలిసి మొదటి చుక్క పడ్డప్పటి నుంచే పని మొదలెడతాయి. చెట్టు దిగేలోపే అది తెల్లబడి, బియ్యం కడిగిన నీళ్ళలా అవుతుంది. ఎవరూ మరిగించరు, ఏమీ కలపరు. కలిపేవాళ్ళు లేరని కాదు, ఈ తోపులో లేరు.

దిగాక తాటాకు మడిచి దొప్పలు చేసిచ్చాడు. రెండు చేతులా పట్టుకోవాలి, అతను పైనుంచి పీచులోంచి వడకట్టి పోస్తాడు. నన్ను చూసి కాస్త తటపటాయించాడు. "అమ్మగారు కూడానాండీ?" "అమ్మగారి కోసమే వచ్చామయ్యా" అన్నారు మా ఆయన, దూరంగా బొండం పట్టుకుని.

ఇక మా మేనకోడలు. అది అక్కడ నేర్చుకున్న పద్ధతి వదల్లేదు. ముందు దొప్ప వెలుతురుకి పట్టి రంగు చూసింది. ముక్కు దగ్గర పెట్టి కళ్ళు మూసుకుంది. ఒక గుక్క నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పి, పక్కకి తిరిగి ఇసకలో ఉమ్మేసింది.

తోపంతా నిశ్శబ్దం. గీసిన మనిషి మొహం చూడాలి. "బాలేదాండీ?" అన్నాడు మెల్లిగా. అక్కడ వైన్ రుచి చూసేవాళ్ళు ఎక్కువ రకాలు తాగాలి కాబట్టి మింగరని, ఉమ్మడం మర్యాదేనని గైడు గారు చెప్పబోయారు. ఎంత చెప్పినా ఆ మాట ఆ చెట్టు కింద నిలబడలేదు. చావుకి తెగించి ఎక్కి తెచ్చినది నేల మీద ఉమ్మడం ఏ భాషలోనూ మర్యాద కాదు. పిల్లకీ అర్థమైంది. దొప్ప మళ్ళీ పట్టి, పోయించుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేసింది. ఆయన నవ్వాడు. ముందరి రెండు పళ్ళు లేవు.

నాకెలా ఉందంటే, మొదట లేత ముంజె తీపి. వెనకాలే రాత్రి రుబ్బి పెట్టిన దోసెపిండి మూత తీసినప్పటి వాసన. నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది. గొంతు దిగాక చెరుకు నమిలినట్టు ఏదో మిగులుతుంది. ఒక చీమ కూడా వచ్చింది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు పిల్లకి ఒక ఆలోచన వచ్చింది. ఇదే కుండలోది ఒక సీసాలో పట్టుకెళ్ళి, దారిలో మళ్ళీ రెండుసార్లు రుచి చూద్దామని. గైడు గారు సీసా సగమే నింపించి, మూత వదులుగా పెట్టారు. "బిగిస్తే తంతాదండి" అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి.

రాజోలు దాటేదాకా ఆటో. అక్కణ్ణుంచి కాలవ గట్టు. దాళ్వా నాట్లు అయిపోయి చేలు లేతపచ్చగా ఉన్నాయి. గట్టుకి అటు పక్క వరి, ఇటు పక్క కొబ్బరి, కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద. అడుగు నేల కూడా ఖాళీగా ఉంచరు. కొబ్బరి కల్లు ఎందుకు తియ్యరని అడిగితే గైడు గారు నొచ్చుకున్నారు. "కొబ్బరి చెట్టండీ అది! కాయకి తప్ప కత్తి పెట్టనిస్తావేంటండి?"

10 గంటలకి ఒక లాకు దగ్గర రెండో రుచి. తీపి సగానికి పడిపోయింది, బుడగలు ఎక్కువయ్యాయి, కాస్త తల తిరిగే గుణం వచ్చింది. నాకు ఇదే నచ్చింది. శనగ గుగ్గిళ్ళు నంజుకుంటే ఇంకా నచ్చింది. పక్కన గేదెల్ని కడుగుతున్న పెద్దావిడ మా వైపు చూసి చూసి "ఏ ఊరమ్మా మీది?" అంది. విజయవాడ అని చెబితే "అదా!" అని మళ్ళీ గేదె వైపు తిరిగింది. ఆ "అదా"లో ఏముందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆదుర్రులో వైనతేయ ఒడ్డున ఇటుకల స్తూపం ఉంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని దుబరాజు గుడి అంటారు. బౌద్ధులు ఎప్పుడో వెళ్ళిపోయారు, ఇటుకలు మిగిలాయి, పేరు మారిపోయింది. గుండ్రటి పునాది చుట్టూ తిరుగుతుంటే గైడు గారు దూరంగా చెయ్యి చూపించారు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి, 65 రోజులు మండింది. ఆయనకప్పుడు పన్నెండేళ్ళట. "రాత్రిళ్ళు దీపం అక్కర్లేకపోయేదండి. కోళ్ళకి పొద్దు తెలీక ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి. మా నాన్న తాటికి గెల కట్టి వచ్చి ఆ వెలుగులోనే అన్నం తిన్నాడు." అప్పుడు తెలిసింది, ఈయన కొబ్బరితోట మనిషి అయ్యింది ఈ తరంలోనే. తండ్రి గీత కార్మికుడు. చెట్టు మీంచి పడి నడుం పోయాక, కొడుకుని ఎక్కనివ్వలేదు. ఈ సంగతి అడిగితే చెప్పింది కాదు. నడుస్తూ నడుస్తూ దానంతటది వచ్చింది, కాసేపటికి దానంతటదే ఆగిపోయింది.

4 గంటలకి అప్పనపల్లిలో, బాలబాలాజీ గుడికి ఎడంగా, మూడో రుచి. మూత తియ్యగానే ముక్కు మండింది. పచ్చి పులుపు. మా మేనకోడలు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించి, పుస్తకంలో ఏదో రాసుకుంది. అక్కడ వైన్ పదేళ్ళు దాస్తే రుచి పెరుగుతుందట. ఇక్కడ పది గంటలకి జీవితం అయిపోయింది.

మా ఆయన కాళ్ళకి రెండు పక్కలా బొబ్బలు. బూట్లు ఆ రాత్రే సంచిలో పెట్టేస్తానన్నారు. సంచి ఎక్కడ? వ్యాను రాలేదు.

మూడో రోజు: రెండు గన్నవరాలు

వ్యాను సంగతి. అది రావాల్సింది కోనసీమలోని పి.గన్నవరానికి. ముందు రోజు సాయంత్రం నుంచి డ్రైవరుకి ఫోను కలవలేదు. రాత్రి 9 గంటలకి కలిసింది. "గన్నవరం వచ్చేశానండి, ఎయిర్‌పోర్టు గేటు దగ్గరున్నాను, మీరెక్కడ?" అన్నాడు. ఫోనులో మ్యాపు పెట్టి "గన్నవరం" అని కొట్టి, అది చూపించిన దారిన వెళ్ళిపోయాడు. ఈ గన్నవరానికి ముందు "పి" అని ఎందుకు తగిలించారో అతనికి ఎవరూ చెప్పలేదు. మా బట్టలు, మందులు, టూత్ బ్రష్షులు అన్నీ విజయవాడలో మా ఇంటికి అరగంట దూరంలో ఉన్నాయి. మేం కోనసీమలో ఉన్నాం. షుగరు మాత్రల కోసం పొద్దున్నే మందుల షాపు తలుపు కొట్టించాం. వ్యాను ఏర్పాటు చేసినవాళ్ళు సారీ చెప్పారు, కిరాయి మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

రబ్బరు చెప్పులు కొనుక్కుని మా ఆయన తయారయ్యారు. గైడు గారు ఈసారి కూడా ఏమీ అనలేదు, ఆ చెప్పులకేసి చూసి తృప్తిగా తలాడించారు.

పి.గన్నవరంలో కింద నది, పైన కాలవ. వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టి, ఒక గట్టు నీళ్ళు ఇంకో గట్టుకి దాటించారు. నిన్న మేం నడిచిన నేలంతా వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఉన్న లంక. చుట్టూ నది ఉన్నా ఆ చేలకి నీళ్ళు ఈ వంతెన మీదుగానే రావాలి. పాతది కాటన్ దొర కాలంలో, 1850ల మొదట్లో కట్టినది. 49 కమానులు. దాని పక్కనే కొత్తది, 2000లో వచ్చింది, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ లంకల గన్నవరంలో ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టేవారు. గుళ్ళకీ రోడ్లకీ పెట్టే పేర్లలో చాలావాటికి అర్థం వెతుక్కోవాలి. నీళ్ళు దాటించే వంతెనకి అన్నం పెట్టిన మనిషి పేరు పెట్టినవాళ్ళెవరో గానీ బుర్ర పెట్టి పెట్టారు.

టిఫిన్ అంబాజీపేటలో. పొట్టెక్కలు. పనసాకులు బుట్టలా కుట్టి, ఇడ్లీపిండి పోసి, ఆవిరికి ఉడికిస్తారు. ఆకు విప్పితే లోపల పచ్చటి గీతలు అచ్చుపడి ఉంటాయి. నేను మూడు తిన్నాను, మా ఆయన షుగరుని అడక్కుండా నాలుగు. ఆ పూట కల్లు లేదు. కడుపులో చోటు లేదు.

చీకటి పడ్డాక వ్యాను వచ్చింది. డ్రైవరు కుర్రాడు సిగ్గుపడుతూ విజయవాడ నుంచి ఒక కేజీ బందరు లడ్డూ తెచ్చాడు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాలుగో రోజు: నీళ్ళు పుట్టే చోటు

నిన్నటి గన్నవరం కాలవకి మొదలు లొల్ల లాకుల దగ్గర ఉంది. అక్కడ పెద్దకాలవ చీలి ఒక్కో వైపుకి ఒక్కో కాలవగా వెళ్తుంది. పెద్దకాలవకి మొదలు ఇంకా పైన, బొబ్బర్లంక దగ్గర. పొద్దున్నే లొల్ల నుంచి పైకి నడక మొదలెట్టాం. రెండు పక్కలా చెట్లు, మధ్యలో నిండుగా నీళ్ళు. మంచు విడవలేదు. గట్టు మీద సైకిలు మీద వెళ్ళే ప్రతి మనిషీ బెల్లు కొట్టి "ఎందాకా అండీ?" అని అడిగారు. "ఊరికే నడుస్తున్నాం" అంటే ఎవరూ నమ్మలేదు. ఒకాయన దిగి మరీ "ఏదైనా మొక్కుబడాండీ?" అన్నాడు. మా ఆయన "ఆఁ, ఈవిడది" అని నన్ను చూపించారు.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇంటి వసారాలో గంట కూర్చున్నాం. ఎన్నోసార్లు తిన్నాం, చెయ్యడం చూడలేదు. కుండ బోర్లించి ఉంటుంది. పక్కన కన్నంలోంచి ఎండు కొబ్బరాకు లోపలికి తోస్తూ మంట పెడతారు. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, పాలకంటే పల్చగా. గుడ్డ ముక్కని రెండు చేతులా పట్టుకుని ఆ పిండిలో ముంచి, కుండ వీపు మీద అలా పరిచి ఇలా లాగేశారు. సుయ్యిమని ఒక శబ్దం. గుడ్డ లేచేసరికి కుండ మీద పొర ఉంది. కళ్ళజోడు తుడిచే కాగితం కూడా అంతకంటే మందం. అంచు గోటితో లేపి తీసి దొంతర మీద వేశారు. మళ్ళీ గుడ్డ. అది చేస్తున్న ఆవిడ మాతో మాట్లాడుతూనే ఉంది, కళ్ళు కుండ మీదే ఉన్నాయి. నాకొకటి చెయ్యనిచ్చింది. నాది చిల్లుల చీర. 2023లో ఈ రేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల ఏమైనా తేడా వచ్చిందా అంటే, "పొగ అదే కదమ్మా" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూశాం. ముందు వైపు విష్ణువు, వెనక మోహిని. వెనక జడ కూడా చెక్కారు. పంచిన వాడూ ఆవిడే, పంచింది అమృతం కాబట్టి మా యాత్రకి తగిన దేవుడే అంది మా మేనకోడలు.

దవళేశ్వరం చేరేసరికి సాయంత్రం. 1847 నుంచి 1852 దాకా ఇక్కడ కాటన్ ఆనకట్ట కట్టించాడు, దాని స్థానంలో 1982కి ఇప్పటి బ్యారేజీ పూర్తయింది. సుమారు 10 లక్షల ఎకరాలు దీని మీద బతుకుతున్నాయి. నాలుగు రోజులుగా కాలవ వెంట వచ్చిన కాళ్ళకి ఆ అంకె ఎంత పెద్దదో కాస్త తెలిసింది. ఎగువన నీళ్ళ చివర మబ్బో కొండో తేలని నీలం గీత. "రేపు అక్కడికేనండి" అన్నారు గైడు గారు. మా ఆయన దూరం అడగలేదు.

ఐదో రోజు: జీలుగు

పొద్దున 4 గంటలకి రాజమహేంద్రవరంలో కారెక్కి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. రంపచోడవరం దాటాక మలుపులు, చలి. మా నడకకి కొండరెడ్ల పెద్దాయన ఒకరు తోడొచ్చారు. గైడు గారు ఆయన్ని తాతా అన్నారు, మేమూ అదే అన్నాం. ఆయన ముందు నడుస్తుంటే మాకు ఎక్కు అని తెలుస్తోంది, ఆయనకి తెలియడం లేదు. నాలుగు రోజులు చదునునేల మీద నడిచిన గర్వం పావుగంటలో పోయింది. ఊపిరి తీసుకోడానికి ఆగిన ప్రతిసారీ ఏదో చెట్టు చూస్తున్నట్టు నటించాను.

జీలుగు చెట్టు తాటిలా ఉండదు. ఆకు చివరలు చేపతోకలా చీలి ఉంటాయి. ఒక నిలువు వెదురుబొంగుకి కణుపుల దగ్గర కొమ్మలు జానెడు ఉంచి నరికి, మొదలుకి కట్టేస్తే అదే నిచ్చెన. తాత ఎక్కి కుండ దింపారు. ముందు నాలుగు చుక్కలు నేల మీద ఒలకబోసి, ఎండిన ఆనపబుర్రలో మాకు పోశారు.

తాటికల్లు పలచగా, చురుగ్గా పోతుంది. ఇది నాలుక మీద ఆగింది. తీపి నిండుగా ఉంది, పులుపు ఎక్కడో వెనకాల ఉంది. తాటికల్లు కబుర్లాడే మనిషైతే, ఇది మాట్లాడకుండా పక్కన కూర్చునే మనిషి. మా మేనకోడలు ఈసారి వెలుతురుకి పట్టలేదు, ముక్కుకీ పెట్టలేదు. బుర్ర ఎత్తి తాగి, తుడుచుకుని, "పిన్నీ, అక్కడ కొండంతా పలకరాయి. పగటి ఎండని దాచుకుని రాత్రి ద్రాక్షకి ఇస్తుందంటారు. ఇక్కడ ఏ రాయి?" అంది. తాతని అడిగాం. ఆయన అడుగున మట్టి ఒకసారి చూసి, "రాయేం చేస్తాది? చెట్టును బట్టి" అన్నారు. ఒక్కో చెట్టుది ఒక్కో రుచట. ఈ చెట్టుది పెద్దకోడలికి, ఆ వాలులో ఉన్నది అల్లుడొచ్చినప్పటికి.

ఇదే కల్లు కోసం ఈ కొండల్లో యుద్ధం జరిగింది. కొండవాళ్ళ కల్లు మీద రంప మునసబుదారు చిగురు పన్ను వేశాడు. దాని మీద మద్రాసు సర్కారు అబ్కారీ చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా సొంతానికి కల్లు గీసుకోకూడదంది. కొండవాళ్ళకి అది అన్నం మానమన్నట్టే. 1879 మార్చిలో రంప పితూరీ మొదలైంది, అణచడానికి పటాలాలు దించాల్సి వచ్చింది. అల్లూరి సీతారామరాజు 1922లో లేవడానికి నలభై ఏళ్ళ ముందు మాట. మా ఆయన స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్ళూ చిగురు పన్ను గురించి ఒక మార్కు ప్రశ్న కూడా ఇవ్వలేదట. బుర్ర వైపు చూశారు. నేను అందించాను. "షుగరు," అని వెనక్కిచ్చారు, కానీ వాసన చూశాక ఇచ్చారు.

చెట్టు గురించి ఇంకో సంగతి. జీలుగు పూత పైనుంచి కిందికి వస్తుంది. మొదటి గెల తల దగ్గర, తరవాతది దాని కింద, అలా దిగుతూ దిగుతూ మొదలు వైపు వస్తుంది. ఆఖరి గెల అయ్యాక చెట్టు ఎండిపోతుంది. మేం తాగిన చెట్టుకి గెల చాలా కిందికి దిగింది. తాత వేళ్ళు చూపించి "ఇంకో రెండు" అన్నారు. పక్కన మోకాలెత్తు మొలకలు చేపతోకలు విప్పుకుని నిలబడి ఉన్నాయి. వాటికి కల్లొచ్చేసరికి తన మనవడికి మీసాలొస్తాయన్నారు.

దిగేముందు మా అక్కకి రుచి చూపించాలని పిల్ల పట్టుబట్టి ఒక లీటరు సీసా నింపించుకుంది. గైడు గారు మళ్ళీ చెప్పారు, మూత బిగించొద్దని. రంపచోడవరం మలుపుల్లో సీసా ఒలికి సీటు తడిసింది. మా ఆయన, అన్నీ పద్ధతిగా ఉండాలి కదా, మూత గట్టిగా బిగించి సంచిలో తన చొక్కాల మధ్య నిలబెట్టారు. ఎవరూ చూడలేదు.

రాజమహేంద్రవరం స్టేషన్లో గైడు గారి దగ్గర సెలవు తీసుకున్నాం. రైలుకి గంట టైముంది. బెంచీ మీద కూర్చుని, పక్కన ఎవరో టీచరు గారు గుర్తుపట్టి పలకరిస్తే, మా ఆయన వాళ్ళతో పదో తరగతి రిజల్టు గురించి మాట్లాడుతున్నారు. సంచి ఒళ్ళో ఉంది. జిప్పు తీసి కళ్ళజోడు కోసం చెయ్యి పెట్టారు. సీసా బెలూనులా ఉబ్బి ఉంది. "ఇదేంటి ఇలా" అంటూ మూత మీద వేలు వేశారు.

తుపాకి పేలినట్టు పేలింది. మూత ప్లాట్‌ఫారం పైకప్పుకి తగిలి కింద పడింది. తెల్లటి నురగ చొక్కా మీద, మీసం మీద, టీచరు గారి బ్రీఫ్‌కేసు మీద. అటుగా వెళ్తున్న టీ కుర్రాడు ఆగి, ముక్కు ఎగబీల్చి, మా ఆయన కేసి గౌరవంగా చూశాడు.

"జీలుగేనాండీ?"